ఏడు కింద రాసిన వాక్యం

తొంభై తొమ్మిదో సంవత్సరం శ్రావణ మాసంలో, వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు గురువారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు మా వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. మళ్ళీ కరెంటు వచ్చింది శుక్రవారం పదకొండున్నరకి. మొత్తం పంతొమ్మిది గంటల పది నిమిషాలు. ఇది జ్ఞాపకం మీద ఆధారపడి చెబుతున్న మాట కాదు. నూట తొంభై రెండు పేజీల గళ్ళ నోటుపుస్తకంలో, డెబ్భై ఒకటో పేజీలో, నా చేత్తో రాసి ఉంది. ఆ పుస్తకాన్ని పోయిన నెల బీరువా అడుగు నుంచి బయటికి తీశాను. తీయించినవాడు మా తమ్ముడు సూరిబాబు.

వాళ్ళ మనవరాలి ఓణీల వేడుక. భోజనాల దగ్గర నాకు ఎదుటి వరసలో కూర్చుని, పక్కనున్న వియ్యాలవారికి నన్ను పరిచయం చేశాడు. "మా అక్కయ్యగారండి. కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు అంతా ఈవిడ చేతిమీదే నడిచేది. అమ్మ కోసమని ఇంట్లో చేపల తొట్టి పెట్టింది. పొద్దస్తమానం దాంట్లోకి గాలి కొట్టడమే. గాలి కొట్టీ కొట్టీ పద్నాలుగు చేపల్నీ చంపేసిందండి బాబూ! నీళ్ళలో ఉండేదానికి గాలెందుకండీ, మీరే చెప్పండి?" వరసంతా నవ్వింది. వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నా ఆకులో పనసపొట్టు కూర అప్పుడే వడ్డించారు. నేను దాన్ని ముట్టలేదు. ఈ కథ అతను చెప్పడం ఇది మొదటిసారి కాదు. నా చెవిన పడినవే ఆరు సార్లు. ప్రతిసారీ నేను ఊరుకున్నాను. ఏడోసారి ఊరుకోదలచుకోలేదు గనక ఇది రాస్తున్నాను.

మావారు పోయాక నేను భీమవరానికి దగ్గర్లోని మా పుట్టింటికి వచ్చేశాను. అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. వయసు లెక్కన అవి తొలి రోజులు కావు. కానీ ఒక ఇంట్లో నా మాట విలువెంతో కొత్తగా తెలుసుకున్న రోజులు గనక నేను వాటిని తొలి సంవత్సరాలనే అంటాను. ఇంట్లో అమ్మ, సూరిబాబు, అతని భార్య మంగ, నేను. పిల్లలు హాస్టళ్ళలో ఉండేవారు. నేను పొద్దున్నే ఎనిమిదీ నలభైకి బస్సెక్కి భీమవరంలో ఆడపిల్లల కాలేజీకి వెళ్ళేదాన్ని. ల్యాబ్ అసిస్టెంటుని. సీసాల మీద పేర్లు అంటించడం, ద్రావణాలు కలపడం, పిల్లలు పగలగొట్టిన గాజు లెక్క రాయడం నా పని. కొలవనిదాన్ని నమ్మకపోవడం అక్కడ నేర్చుకున్నాను. ఇంట్లో అది గుణం అనిపించుకోలేదు, చాదస్తం అనిపించుకుంది.

అప్పటికే మా వరిచేలు పదహారెకరాలూ రొయ్యల చెరువులైపోయాయి. ఇంటి వాసనే మారిపోయింది. నా చిన్నప్పుడు వసారాలో కొత్త గడ్డి వాసన, అటక మీంచి మాగిన అరటిపళ్ళ వాసన వచ్చేవి. ఇప్పుడు వసారా అంతా రొయ్యల మేత బస్తాలు. ఎండుచేపల పొడి వాసన కాఫీలోకి కూడా దిగేది. దానిమీద సున్నం వాసన. సూరిబాబు చేతులు, చొక్కా అంచులు, మోటారు సైకిలు సీటు, అన్నీ తెల్లగా ఉండేవి. వాన పడితే చెరువులో సున్నం. మబ్బు పడితే సున్నం. రొయ్య గట్టుకి వస్తే సున్నం. రంగుల అట్టతో పీహెచ్ చూసేవాడు, ఎనిమిదికి ఒక గీత తగ్గితే చాలు, "సున్నం ఎక్కించండ్రా" అని కేకేసేవాడు. అతన్ని పూర్తిగా తప్పుపట్టలేను. తెల్లమచ్చ రోగం వచ్చి రెండు పంటలు కళ్ళముందే పోయాయి. చేతిలో ఉన్న మందు అదొక్కటే. భయపడ్డవాడు చేతిలో ఉన్నదాన్నే జల్లుతాడు. చెరువు వరకూ అది అతని ఇష్టం.

అమ్మకీ సున్నం తెలుసు, కానీ వేరేగా. భోజనమయ్యాక తాంబూలం వేసుకునేది. ఆకు మీద సున్నం రాసేటప్పుడు చిటికెనవేలి గోరుతో మాత్రమే తీసేది. "ఇంతకి మించితే నోరు పొక్కుతుందే" అనేది. మిగతా అన్నీ చేతివాటంగా, ఉప్పైనా కారమైనా చూడకుండా వేసే మనిషి, సున్నం దగ్గర మాత్రం తూకం మనిషి. ఆ సంవత్సరం మాఘమాసంలో ఆమెకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. మనం చెప్పేది అర్థమయ్యేది. పెదవులు కదిలేవి, మాట వచ్చేది కాదు. కళ్ళలో మాత్రం అంత కోపం నేను అంతకుముందు ఎవరిలోనూ చూడలేదు. డాక్టరు గారు, "మాట తిరిగొస్తే ఈ మొదటి ఏడాదిలోనే రావాలమ్మా. ఆమె ఇష్టంగా చూసే వస్తువేదైనా ఎదురుగా పెట్టండి, దాని గురించే మాట్లాడుతూ ఉండండి" అన్నారు. టీవీ పెడితే కళ్ళు మూసుకుంది. దేవుడి పటాలు చూపిస్తే తల తిప్పుకుంది.

కాలేజీలో జంతుశాస్త్రం వాళ్ళు వాడకుండా మూలన పెట్టిన గాజుతొట్టి ఒకటుంది. మూడడుగుల పొడవు. ప్రిన్సిపాల్ గారికి అర్జీ రాసి, సంతకం పెట్టించుకుని, రిక్షాలో బస్టాండుకీ, బస్సు టాపు మీద మా ఊరికీ చేర్చాను. నూట ఇరవై లీటర్ల నీళ్ళు పట్టింది. అమ్మ కుర్చీకి ఎదురుగా, కిటికీ పక్కన బల్ల మీద పెట్టాను. చేపలు వెయ్యకముందు బోరునీటి పీహెచ్ చూశాను. ఏడు. మర్నాడు పొద్దున్న, బుడగల మోటారు రాత్రంతా ఆడాక, అవే నీళ్ళు చూశాను. ఎనిమిది. నేను ఏమీ కలపలేదు. నాకే నమ్మకం కలగక మళ్ళీ బోరు కొట్టి ఒక బక్కెట్టు పట్టాను. ఏడే. బక్కెట్టులో నీళ్ళు చెంబుతో ఎత్తి పోస్తూ, టీ చల్లార్చినట్టు, గంటసేపు అలాగే చేశాను. ఏడున్నర దాటింది.

కారణం నాకు తెలిసిందే, పిల్లల చేత వందసార్లు బోర్డు మీద రాయించిందే. కాకపోతే కళ్ళతో చూడటం అదే మొదలు. భూమిలోంచి వచ్చిన నీళ్ళలో బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, కరిగి ఉంటుంది. అది ఉన్నంతసేపూ నీళ్ళకి పులుపు, అంటే పీహెచ్ తక్కువ. గోలీసోడా కొట్టి గ్లాసులో పోసి అరగంట వదిలేస్తే నాలుక మీద చురుకు పోతుంది చూడండి, ఇదీ అంతే. బుడగలు ఆ వాయువుని నీళ్ళలోంచి బయటికి తోలేస్తాయి, పీహెచ్ పైకి లేస్తుంది. బుడగలు ఆగిపోతే చేపలు వదిలే ఊపిరి నీళ్ళలోనే పేరుకుని, పీహెచ్ కిందికి దిగుతుంది. మళ్ళీ బుడగలు మొదలైతే దానంతటదే లేస్తుంది. ఆ దిగడానికి మందు గాలే, ఇంకేమీ కాదు. దీన్నే నేను పుస్తకంలో మొదటి పేజీలో రాసి పెట్టాను. పొద్దున్న ఐదున్నరకి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి కొలిచి, పక్కనే చేపల సంఖ్య, ఆ పక్కన ఇంకో గడి. ఆ గడి అమ్మది.

చేపలు పద్నాలుగు. ఎనిమిది ఎర్రవి, ఆరు నల్లవి. అమ్మ మొదటి వారం వాటిని కూడా చూడలేదు. ఎనిమిదో రోజు పొద్దున్న నేను మేత వేస్తుంటే ఎడమచేత్తో కుర్చీ పట్టె మీద కొట్టింది. ఒక నల్లది రాయి వెనక దాక్కుంది, దానికి మేత అందలేదు. అదీ ఆవిడ ఫిర్యాదు. ఆ రోజు నుంచి పొద్దున్నే కాఫీ తాగగానే కుర్చీ తొట్టికి ఇంకా దగ్గరగా జరపమని సైగ చేసేది. వైశాఖంలో మొదటి మాట వచ్చింది, "అదిగో" అని. ఆ మాట విని మంగ చేతిలో పాలగిన్నె వదిలేసింది. తర్వాత "ఎర్రది", "నల్లది". తర్వాత "తింది". దాక్కున్న చేప కనబడకపోతే "పోయింది", కనబడితే "వచ్చింది". మేత ఎక్కువ వేస్తే నా మీద కేక, "చాలు" అని. ఆషాఢంలో ఒక ఎర్రది గాజుకి తల కొట్టుకుంటే "అయ్యో" అంది. ఎనిమిది. వరలక్ష్మీ వ్రతం వారంలో, సోమవారం సాయంత్రం, నేను కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, కుర్చీలోంచి తల తిప్పకుండానే "రత్తీ" అంది. అది తొమ్మిదో మాట, నా పేరు. గడిలో అంకె వేస్తుంటే పెన్సిలు ముల్లు విరిగింది.

సూరిబాబు ఆ ఐదు నెలల్లో ఒక్కసారైనా పుస్తకం తెరవలేదు. అమ్మ మాటలకి సంతోషించలేదని కాదు. కానీ తొట్టి అతనికి వేళాకోళం. వచ్చే పోయే వాళ్ళతో, "మా అక్క చెరువు చూశారా? మూడడుగులు. రెండు పూటలా కొలత!" అనేవాడు. ఒకసారి నేనే అన్నాను, "ఒరేయ్, నీ చెరువులో కూడా పొద్దున్న కొలత వేరు, సాయంత్రం కొలత వేరు వస్తుంది, రెండూ చూడు" అని. "అక్కా, నువ్వు సీసాలు కడుక్కో, నేను చెరువు చూసుకుంటాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు సిగ్గు.

గురువారం కరెంటు పోగానే నేను కంగారు పడలేదు. చెంబు తీసుకుని తొట్టిలో నీళ్ళే ముంచి, జానెడు ఎత్తు నుంచి తొట్టిలోనే పొయ్యడం మొదలుపెట్టాను. గంటకి పది నిమిషాల చొప్పున పడుకునేదాకా పోశాను. మేత మానేశాను. శుక్రవారం పొద్దున్న ఐదున్నరకి కొలిస్తే ఏడు. చేపలు కాస్త పైకి వచ్చి ఉన్నాయి, కానీ చురుగ్గానే ఉన్నాయి. ఆ నీళ్ళే రెండు మందుసీసాల్లో పట్టాను. ఒకటి మూత బిగించి అట్టేపెట్టాను. రెండోదాన్ని సగం ఖాళీ చేసి, మూత తీస్తూ పెడుతూ పావుగంట గిలకొట్టాను. ఎనిమిదికి దగ్గరికి వచ్చింది. పుస్తకంలో 7.0 అని రాసి, కింద ఎర్ర పెన్సిలుతో గీత గీశాను. దాని కిందే ఈ వాక్యం రాశాను. అక్షరం మార్చకుండా ఇక్కడ దింపుతున్నాను: "గిలకొడితే 8 వస్తోంది. నీరు బాగానే ఉంది. ఏమీ కలపరాదు. కరెంటు వచ్చేదాకా చెంబుతో పోస్తే చాలు."

ఆ రోజు కాలేజీలో స్టాకు తనిఖీ. ల్యాబు తాళాలు నా దగ్గరే ఉంటాయి, వెళ్ళక తప్పదు. మంగకి చెప్పాను, అరగంటకోసారి పది చెంబులు ఎత్తి పొయ్యమని. పాపం, మడి కట్టుకుని తొమ్మిది పోగుల తోరాలు కడుతూ కూడా, "అలాగేనండి వదినగారూ, మర్చిపోను" అంది. మర్చిపోలేదు. పదింటి దాకా మూడుసార్లు పోసింది. పేరంటాళ్ళు రావడం మొదలయ్యాక ఇక లేవలేకపోయింది. అమ్మ కుర్చీలోనే ఉంది, తొట్టికి ఎదురుగా. పుస్తకం తొట్టి పక్కన తెరిచే ఉంది. మూసి వెళ్ళాల్సింది. అది నా తప్పుల్లో మొదటిది.

పదింపావుకి సూరిబాబు చెరువు నుంచి వచ్చాడు. ఆ తర్వాత జరిగింది మంగ చెబితే విన్నాను, అతను ఎప్పుడూ కాదనలేదు. కాళ్ళు కడుక్కుని అమ్మ దగ్గరికి వచ్చి తొట్టిలోకి చూశాడు. చేపలు పైన తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. పుస్తకంలోకి చూశాడు. ఏడు, కింద ఎర్రగీత. పై గడిలో నిన్నటి సాయంత్రం ఎనిమిది. "అమ్మో, పీహెచ్ ఒకటి పడిపోయిందే!" అన్నాడు. మోటారు సైకిలు సంచిలోంచి గుల్లసున్నం పొట్లం తీసి చెంబులో కలిపాడు. మంగ పూజగదిలోంచే, "ఏవండీ, వదినగారు ఏమీ వెయ్యొద్దని రాశారు, ఆగండి, ఆవిడ వచ్చేదాకా ఆగండి" అని అరిచింది. అతని జవాబు మంగకి ఇప్పటికీ కంఠతా వచ్చు. "పదహారెకరాల చెరువు చూసేవాణ్ణి, మూడడుగుల తొట్టి నాకు తెలీదా? నువ్వు నీ పూజ చూసుకో!" పేరంటాళ్ళు కిసుక్కుమన్నారు. తొట్టిలో కాస్త సున్నపుతేట పోశాడు, తన అట్టతో చూశాడు, చాల్లేదు. ఇంకాస్త పోశాడు. మూడోసారి పోశాక ఎనిమిది చూపించింది. "అదీ లెక్క!" అని చొక్కా విప్పి వంకీకి తగిలించి, పెరట్లోకి స్నానానికి వెళ్ళాడు. భోంచేసి మళ్ళీ చెరువుకి పోయాడు.

పదకొండున్నరకి కరెంటు వచ్చింది. బుడగలు మొదలయ్యాయి. ఇక్కడ కాస్త ఓపికగా చదవాలి, నన్ను ఇరవై ఆరేళ్ళుగా హంతకురాల్ని చేసిన చోటు ఇదే. బుడగలు నీళ్ళలో పేరుకున్న వాయువుని తోలేశాయి, ఎప్పటిలాగే పీహెచ్‌ని పైకి లేపాయి. సున్నం కలపకపోతే అది ఏడు నుంచి బయల్దేరి ఎనిమిది దగ్గర ఆగేది. సున్నం దాన్ని ముందే ఎనిమిదికి ఎక్కించి పెట్టింది గనక, అక్కణ్ణుంచి బయల్దేరి తొమ్మిది దాకా పోయింది. పంతొమ్మిది గంటలు మోటారుతో పాటు నీళ్ళ వడపోత కూడా ఆగడం వల్ల చేపల మురికి నుంచి పుట్టిన అమ్మోనియా నీళ్ళలో ఉండనే ఉంది. ఏడు దగ్గర అది దాదాపు హాని చెయ్యదు. తొమ్మిది దగ్గర చేప మొప్పల్ని కాలుస్తుంది. వాయువు వల్ల పడిన పీహెచ్‌కి సున్నం వైద్యం చేశాడు, ఆ వాయువు వెళ్ళిపోగానే సున్నం మిగిలింది. చూసేవాళ్ళకి మాత్రం ఏం కనిపించింది? సున్నం వేసినప్పుడు చేపలు బతికే ఉన్నాయి. గాలి మోటారు ఆడటం మొదలయ్యాక చచ్చాయి.

నేను ఇంటికి వచ్చేసరికి రెండూ పదిహేను. పేరంటాళ్ళు శనగలూ పసుపుకుంకాలూ పుచ్చుకుని వెళ్ళిపోయారు. పద్నాలుగూ తేలి ఉన్నాయి, బుడగలు వాటిని అటూ ఇటూ తోస్తున్నాయి. ఎర్రవి పక్కకి ఒరిగి ఉన్నాయి. నీళ్ళకి తెల్లటి పొర. కొలిచాను. తొమ్మిదికి ఒక వెంట్రుక తక్కువ. అమ్మ కుర్చీ ఎక్కడుందో అక్కడే ఉంది. పన్నెండు నుంచి రెండు దాకా ఒక్కొక్క చేప తిరగబడుతుంటే ఆవిడ కూర్చుని చూసింది. కుర్చీ ఎవరూ పక్కకి తిప్పలేదు. మంగ నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ, "అత్తయ్యగారు మిమ్మల్నే పిలిచారు వదినగారూ. రత్తీ, రత్తీ అని చాలాసార్లు పిలిచారు. వ్రతకథ చదువుతుంటే మధ్యలో లేవకూడదని లేవలేదు. మిమ్మల్ని తలుచుకుంటున్నారేమో అనుకున్నాను" అంది. మంగ మీద నాకు కోపం లేదు. ఉండాలని చాలా ప్రయత్నించాను, రాలేదు.

సాయంత్రం సూరిబాబు వచ్చాడు. నేను మూత బిగించి దాచిన పొద్దుటి సీసా తీసి, అతని ఎదుటే గిలకొట్టి, అతని రంగుల అట్ట పక్కనే పెట్టి చూపించాను. "చూడు. ఏడు ఎనిమిదైంది. నేనేమీ కలపలేదు. నువ్వు ఊరుకుంటే తొట్టి కూడా ఇంతే అయ్యేది."

"చచ్చినవి బతుకుతాయా అక్కా ఇప్పుడు?"

"బతకవు. నువ్వేం చేశావో నీకు తెలియాలి."

"నేను చేసిందేంటి? నీ పుస్తకంలోనే ఉంది కదా ఏడని, ఎర్రగీత గీసి మరీ! నేను వేసినప్పుడు బానే ఉన్నాయి. నీ గాలి మోటారు తిరిగాకే పోయాయి. కావాలంటే మంగని అడుగు."

"ఏడు కింద వాక్యం ఉంది. చదివావా?"

అతను పుస్తకం వైపు చూడలేదు. "పొలం నుంచి ఆకలితో వచ్చినవాడికి పుస్తకాలు చదివే తీరికుంటుందా? సరే, అయిందేదో అయింది, నాలుగు చేపల కోసం పండగపూట రభస ఎందుకు?" అన్నాడు. నాలుగు అన్నాడు. పద్నాలుగు.

మర్నాడే నేను కొత్త చేపలు తెస్తానన్నాను. సూరిబాబు వద్దన్నాడు. "మళ్ళీ అవీ చస్తే? అమ్మకి అవి చూపించి ఆవిణ్ణి కూడా చంపుతావా?" ఇల్లు అతనిది. అమ్మ అతని దగ్గర ఉంది. నేను అక్కడ ఉంటున్నదాన్ని. ఆ లెక్క వేసుకుని ఊరుకున్నాను. నా జీవితంలో నేను వేసిన లెక్కల్లో తప్పు వచ్చింది ఇదొక్కటే, దీన్ని సూరిబాబు ఖాతాలో వెయ్యను. వారం తిరిగేసరికి తొట్టి చెరువు దగ్గరి పాకకి పోయింది. అందులో మందు సీసాలు పెట్టుకున్నాడు. అమ్మ కిటికీ పక్క ఖాళీ బల్లని కొన్నాళ్ళు చూసింది, తర్వాత గోడ వైపు తిరిగింది. నేను బొమ్మలు చూపించాను, చేపల పేర్లు పలికాను, కుర్చీ పట్టె మీద ఆమె కొట్టినట్టే కొట్టాను. పెదవులు కూడా కదపలేదు. రెండోసారి చిన్నగా పక్షవాతం వచ్చి ఉండొచ్చని డాక్టరు గారు అన్నారు. ఉండొచ్చు. నేను కొలవలేనిదాన్ని ఎవరి మీదా వెయ్యను. కొలిచింది మాత్రం ఇది: సోమవారం తొమ్మిది మాటలు, ఆ మరుసటి సోమవారం సున్నా.

ఓణీల వేడుకలో నేను ఆకు మడిచి లేచిపోతే సూరిబాబు చేతులు కడుక్కునే చోటికి వెనకే వచ్చాడు. అతనికీ ఇప్పుడు అరవై ఎనిమిది, మోకాళ్ళ నొప్పులు. "ఏంటక్కా, పులుసు కూడా రాకముందే లేచిపోయావు? ఏదో సరదాకి అన్నాను. వాళ్ళు మనవాళ్ళే కదా" అన్నాడు.

"నీ చెరువులో గాలి కొట్టే ఏరియేటర్లు ఎన్ని రా ఇప్పుడు?" అని అడిగాను.

ముఖం విప్పారింది. "ఇరవై నాలుగు. అవి లేకపోతే అసలు సాగే లేదక్కా ఇప్పుడు. రాత్రంతా ఆడాల్సిందే."

"పీహెచ్ ఎప్పుడు చూస్తావు?"

"పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. చెరువు నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ మేడమ్ చెప్పింది. పొద్దున్న కొంచెం పడితే హడావుడి పడకూడదంట, అది గాలి లేక పడేదంట, ఏరియేటర్లు వేసి ఆగాలంట. వెంటనే సున్నం కొట్టేస్తే తర్వాత మరీ పెరిగిపోయి సరుకు పోద్దంట. చాలా తెలివైన పిల్లక్కా, నీకు పరిచయం చేస్తాను." చెబుతూ చెబుతూ నా ముఖంలోకి చూశాడు. వెంటనే తువ్వాలుతో మూతి తుడుచుకుని, "అప్పుడెవరికి తెలుసక్కా ఇవన్నీ?" అన్నాడు.

నాకు తెలుసు. ఎర్రగీత కింద, పెద్ద అక్షరాలతో, అతను తినే బల్లకి ఆరడుగుల దూరంలో, తెలుగులో రాసి పెట్టాను. అతను అంకె చదివాడు, ఆడదాని వాక్యం చదవలేదు. అదే వాక్యం ఇరవై ఆరేళ్ళ తర్వాత జీతం తీసుకునే మనిషి చెబితే మెచ్చుకుంటూ నాకే అప్పజెబుతున్నాడు. ఆటో పిలిపించుకుని ఇంటికి వచ్చి, బీరువా తీసి, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. డెబ్భై ఒకటో పేజీ తర్వాత అన్నీ ఖాళీ పేజీలే. డెబ్భై రెండో పేజీలో ఆ రోజు వెయ్యని లెక్క ఇప్పుడు వేశాను.

చేపలు, పద్నాలుగు. ఎర్రవి ఎనిమిది, నల్లవి ఆరు.

అమ్మ మాటలు, తొమ్మిది. ఆ తర్వాత ఆమె బతికింది తొమ్మిది నెలల పదకొండు రోజులు. తిరిగి వచ్చిన మాటలు లేవు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ నన్ను పిలిచిన పిలుపులు. మంగ లెక్కపెట్టలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.